కుడి చెవి పనిచేయని ఏడాది: ఇన్ ఫ్లేమ్స్ బాణీ ఎక్కడికెళ్లింది?

డిగ్రీ రోజుల్లో నెలకి రెండుసార్లైనా విజయనగరం నుంచి శ్రీకాకుళం, మా బావ వాళ్లింటికి, బస్సులో పోయేవాణ్ణి. బస్సెక్కగానే పెట్టుకున్న ఇయర్‌ఫోన్స్ మళ్లీ ఏడు రోడ్ల కూడలి దగ్గరపడ్డాకే తీసేది. ఇయర్‌ఫోన్స్ అంటున్నాను గానీ నిజానికి అందులో ఒకటే పనిచేసేది. వైరు ఎక్కడో తెగి కుడి పక్క పూర్తిగా మూగబోయింది. కొత్తది కొనడానికి డబ్బుల్లేక కాదు, ఎడమది బాగానే మోగుతోంది కదా అని బద్ధకం. బావ నా మెమరీ కార్డులోకి ఎక్కించిచ్చిన పాటల్లో ఇన్ ఫ్లేమ్స్ అనే స్వీడన్ మెటల్ బ్యాండు ఆల్బమ్ ఒకటుండేది, 'ద జెస్టర్ రేస్', 1996 నాటిది. ఏడాది పాటు అదే విన్నాను. అందులో గిటార్ వాయించే వరసలన్నీ, నిద్రలో లేపి అడిగినా కూనిరాగం తీసేంతగా వచ్చేశాయి.

ఒకరోజు నా ఫోన్ ఛార్జింగ్ అయిపోతే పక్క సీట్లో స్నేహితుడి ఫోన్, అతని ఇయర్‌ఫోన్స్ తీసుకుని అదే ఆల్బమ్ పెట్టాను. రణస్థలం దాటి ఉంటాం. నాకు తెలిసిన వరస ఎడమ పక్క ఎప్పట్లాగే నడుస్తోంది, కుడి పక్క ఇంకో గిటార్, దానికంటే కాస్త ఎత్తులో, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. రెండూ కలిసి తల మధ్యలో ఎక్కడో మూడో రంగు పుట్టిస్తున్నాయి. ఏడాదంతా నేను విన్నది సగం పాట. చిలకపాలెం వచ్చేదాకా నోరు తెరుచుకునే ఉన్నాను, స్నేహితుడు "ఏటైందిరా" అని రెండుసార్లు అడిగాడు.

ఈ ఇయర్‌ఫోన్ గొడవ ఎందుకు చెప్తున్నానంటే, ఈ బ్యాండు మీద ఇరవై ఏళ్లకు పైగా నడుస్తున్న తగువుకి జవాబు నాకు అందులోనే దొరికింది. తగువేమిటో ముందు చెప్తాను. మా ఇంట్లోనే రెండు పార్టీలున్నాయి. బావ పార్టీ ప్రకారం ఇన్ ఫ్లేమ్స్ 2000లో వచ్చిన 'క్లేమాన్'తో అయిపోయింది, 2002 నుంచి వచ్చినదంతా డబ్బు కోసం అమ్ముడుపోయిన సంగీతం. పిన్ని కూతురు పార్టీ ప్రకారం అసలు బ్యాండు మొదలయ్యిందే 2006లో, 'కమ్ క్లారిటీ'తో. "అంతకుముందు అరుపులే కదా అన్నయ్యా" అంటుంది. ప్రపంచమంతా కూడా ఇలాగే చీలి ఉంది. ఎవరినడిగినా ఒకే కారణం చెప్తారు: మొదట్లో గ్రౌల్ ఉండేది, తర్వాత క్లీన్ వోకల్స్ వచ్చాయి, అంటే అరవడం తగ్గి పాడటం పెరిగింది. నచ్చినవాళ్లదీ ఇదే మాట, నచ్చనివాళ్లదీ ఇదే మాట.

అది పైకి కనిపించేది. నా లెక్కలో మారింది గొంతు కాదు, బాణీ ఉండే ఇల్లు. మొదట్లో పాట బాణీ రెండు గిటార్ల మధ్య కాపురం ఉండేది, తర్వాత గొంతులోకి మారింది. మిగతావన్నీ, డ్రమ్ము కొట్టే తీరు, స్టూడియోలు, కీబోర్డులు, చివరికి ఎవరు బ్యాండులో ఉన్నారు ఎవరు వెళ్లిపోయారు అన్నది కూడా, ఆ ఇల్లు మారడం చుట్టూ తిరిగినవే.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఇన్ ఫ్లేమ్స్‌కి మూలమైన డెత్ మెటల్ అనే సంగీతం 1980ల్లో ప్రధానంగా అమెరికాలో, అందులోనూ ఫ్లోరిడాలో రూపం తీసుకుంది. కిందికి దించి శృతి చేసిన గిటార్లు, పిడుగుల్లాంటి డ్రమ్ములు, మాటలు పట్టుకోవడం కష్టమయ్యే గ్రౌల్. అది స్వీడన్ చేరేసరికి రెండు ఊళ్లలో రెండు దారులు పట్టింది. రాజధాని స్టాక్‌హోమ్‌లో సన్‌లైట్ అనే స్టూడియో ఉండేది, అక్కడ ఎంటూంబ్డ్ లాంటి బ్యాండ్లు గిటార్ ధ్వనిని మార్చే, బాస్ అనే కంపెనీ హెచ్ఎమ్-2 చిన్న పెడల్‌కి ఉన్న నాబ్‌లన్నీ చివరిదాకా తిప్పేసి గిటార్‌ని కలప కోసే రంపంలా మార్చేశారు. 1990లో వచ్చిన 'లెఫ్ట్ హ్యాండ్ పాత్' వింటే అడితీలో నిలబడ్డట్టే ఉంటుంది. ఆ ధ్వనిలో అందం బరకతనమే, సన్నటి బాణీ అందులో వేస్తే కనబడదు.

పడమటి తీరంలో ఓడరేవు ఊరు గోథెన్‌బర్గ్. అక్కడి కుర్రాళ్లు అదే డెత్ మెటల్ వేగాన్ని తీసుకుని, దాని మీద ఐరన్ మెయిడెన్ లాంటి పాత బ్రిటిష్ బ్యాండ్ల జంట గిటార్ పద్ధతిని, స్వీడన్ జానపద బాణీలని ఎక్కించారు. ఎట్ ద గేట్స్, డార్క్ ట్రాంక్విలిటీ, ఇన్ ఫ్లేమ్స్, ఈ మూడూ ఆ ఊరివే. 1990ల నడుమ మూడు బ్యాండ్లూ రికార్డు చేసింది ఫ్రెడ్రిక్ నోర్డ్‌స్ట్రోమ్ నడిపే స్టూడియో ఫ్రెడ్‌మన్‌లోనే. ఒకే స్పీకర్ ముందు రెండు మైకులు, ఒకటి సూటిగా, ఇంకోటి ఏటవాలుగా పెట్టి గిటార్ ధ్వని పట్టే పద్ధతిని ఇప్పటికీ రికార్డింగ్ వాళ్లు ఫ్రెడ్‌మన్ పద్ధతి అనే పిలుస్తారు. రంపం గరగర తగ్గి గిటార్‌కి అంచు వచ్చిందంటే అందులో ఆ స్టూడియో వాటా చాలా ఉంది. అంచు వచ్చాకే కదా బాణీ కనబడేది.

ఇక ఆ బాణీ ఎలాంటిది? మా తాతయ్య విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నవాడు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్‌గా మొదలై, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ చెప్పిన కాలేజీ అది, ఘంటసాల చదివింది కూడా అక్కడే. మా తాతయ్య ద్వారం వారి కాలం వాడు కాదు, కానీ మాట్లాడితే మాత్రం నిన్న సాయంత్రమే ఆయన దగ్గర పాఠం చెప్పించుకుని వచ్చినట్టుంటుంది. ఆయనకి ఒకసారి జెస్టర్ రేస్ వినిపించాను. అరుపులు వచ్చినప్పుడల్లా మొహం చిట్లించాడు గానీ, గిటార్ వరస వచ్చేసరికి కుడి చేతి వేళ్లు తొడ మీద కదిలాయి. "నటభైరవి మెట్లురా ఇవి. అక్కడక్కడ కాకలి నిషాదం వేసి కీరవాణి వాసన తెప్పిస్తున్నారు. గమకం మాత్రం ఒక్కటీ లేదు" అన్నాడు.

సరిగ్గా అంతే. పడమటి వాళ్లు నేచురల్ మైనర్ అనేది స్వరాల వరకు మన ఇరవయ్యో మేళకర్త నటభైరవి, హార్మోనిక్ మైనర్ అనేది ఇరవై ఒకటోది కీరవాణి. నిషాదం ఒక్కటే తేడా. గమకాలు, సంచారాలు లేవు కాబట్టి ఇది రాగం అనలేం, మెట్లు మాత్రమే. కానీ మన చెవికి ఈ సంగీతం ఇంత సులువుగా ఎందుకెక్కుతుంది అని అడిగేవాళ్లకి సగం జవాబు ఇదే, మనం సినిమా పాటల్లో చిన్నప్పటి నుంచి విన్న మెట్లే అవి.

గమకం లేని లోటుని వాళ్లు రెండో గిటార్‌తో పూడ్చుకుంటారు. ఒక గిటార్ స రి గ వాయిస్తుంటే రెండోది అదే సమయంలో గ మ ప వాయిస్తుంది. అంటే ఎప్పుడూ ఒక స్వరం వదిలి ఆ పై స్వరం. వినడానికి యాంత్రికంగా ఉంది కదా, కానీ తమాషా ఇక్కడే ఉంది. నటభైరవిలో స నుంచి గ మూడు స్వరస్థానాల దూరం, రి నుంచి మ కూడా మూడే, గ నుంచి ప మాత్రం నాలుగు. మొత్తం ఏడు స్వరాల్లో నాలిగింటికి చిన్న దూరం, మూడింటికి పెద్ద దూరం వస్తుంది. కాబట్టి రెండు గిటార్లు జంటగా నడుస్తుంటే మధ్య ఖాళీ ఒకసారి ఇరుకవుతుంది, ఒకసారి విప్పారుతుంది. ఇరుకైనప్పుడు దిగులు, విప్పారినప్పుడు కాస్త వెలుగు. స్వరం స్వరానికీ ఇది మారుతూ ఉంటుంది, అందుకే ఆ వరసలు ఏడుస్తున్నట్టూ ఉంటాయి, యుద్ధానికి పోతున్నట్టూ ఉంటాయి. మన పద్ధతిలో ఒక్క స్వరాన్నే ఊపి రంగు తెస్తారు, వాళ్లు రెండు స్వరాల మధ్య సందుని ఊపి తెస్తారు. నా కుడి చెవి పనిచేయనప్పుడు నేను పోగొట్టుకుంది ఆ సందుని.

మరి గొంతు ఏం చేస్తోంది? గ్రౌల్‌కి ఫలానా స్వరం అని ఉండదు. మన అసలు స్వరతంత్రుల పైన ఇంకో జత మడతలుంటాయి, మామూలుగా మాట్లాడేటప్పుడు వాటికి పనుండదు. గ్రౌల్ చేసేవాళ్లు చాలామంది వాటిని కదిలించి ఆ గరగర తెస్తారు, గొంతు చించుకోవడం కాదు, అలా చించుకునేవాడు నెల తిరక్కుండా డాక్టర్ దగ్గరుంటాడు. స్వరం తేలని గొంతు బాణీ మోయలేదు. కాబట్టి అది తాళ వాయిద్యమైపోతుంది. మన తప్పెటగుళ్లు చూసినవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఛాతీకి రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ ఎగురుతున్నప్పుడు మధ్యమధ్యలో వేసే కేకలు పాటలో భాగమా డప్పులో భాగమా? డప్పులో భాగమే. ఆ కేక తీసేస్తే బాణీ ఎక్కడికీ పోదు, ఊపు పోతుంది. జెస్టర్ రేస్‌లో గొంతు పాత్ర అదీ. అరుపులు లేకుండా ఆ ఆల్బమ్ గిటార్లు మాత్రమే వినండి, పాట మొత్తం అక్కడే ఉంటుంది.

ఇక్కడో చిక్కుముడి విప్పాలి, కొత్తగా వినేవాళ్లందరూ ఇందులో తప్పిపోతారు. జెస్టర్ రేస్‌లో పాడింది ఆండర్స్ ఫ్రీడెన్. కానీ 1994లో వచ్చిన ఇన్ ఫ్లేమ్స్ మొదటి ఆల్బమ్ 'లూనార్ స్ట్రెయిన్'లో గొంతు అతనిది కాదు, మికాయెల్ స్టాన్నెది. ఈ స్టాన్నె డార్క్ ట్రాంక్విలిటీ మనిషి. మరి డార్క్ ట్రాంక్విలిటీ 1993 ఆల్బమ్ 'స్కైడాన్సర్'లో పాడిందెవరు? ఆండర్స్ ఫ్రీడెన్. అప్పట్లో అందులో స్టాన్నె గిటార్ వాయించేవాడు. ఫ్రీడెన్ బయటికి రాగానే స్టాన్నె గిటార్ పక్కన పెట్టి డార్క్ ట్రాంక్విలిటీకి గాయకుడయ్యాడు, ఫ్రీడెన్ కొన్నాళ్లకి ఇన్ ఫ్లేమ్స్‌లో చేరాడు. మా బావ దీన్ని కుండమార్పిడి సంబంధం అంటాడు, పిల్లనిచ్చి పిల్లని తెచ్చుకున్నట్టు. రెండిళ్ల మధ్య ఈ వియ్యం ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

లూనార్ స్ట్రెయిన్‌లో వయొలిన్ కూడా వినిపిస్తుంది. 'హోర్గలోటెన్' అనే స్వీడిష్ జానపద బాణీ ఒకటి అందులో ఉంది. దాని వెనక కథ ఏమిటంటే, దెయ్యం మనిషి వేషంలో వచ్చి ఫిడేలు వాయిస్తే ఆ ఊరి కుర్రకారంతా ఆగలేక ఆడుతూ ఆడుతూ ప్రాణాలు పోగొట్టుకున్నారట. మెటల్ బ్యాండుకి ఇంతకంటే ఏం కావాలి. తాతయ్యకి ఈ కథ చెప్తే ఫిడేలు పట్టినవాడికి ఆ మాత్రం శక్తి ఉండాలి అన్నాడు.

బ్యాండు మొదలుపెట్టింది యెస్పర్ స్ట్రోంబ్లాడ్, 1990లో. జంట గిటార్ వరసల మీద పిచ్చి ప్రధానంగా అతనిదే. జెస్టర్ రేస్, 1997 నాటి 'హూరకిల్' ఈ రెండిట్లోనూ డ్రమ్ములు కొట్టింది బ్యోర్న్ గెలోట్, తర్వాత 1999 'కాలనీ' నాటికి అతనే గిటార్‌కి మారి స్ట్రోంబ్లాడ్ పక్కన నిలబడ్డాడు, డ్రమ్ముల దగ్గరికి డానియెల్ స్వెన్సన్ వచ్చాడు. డ్రమ్ములవాడు గిటార్ పడితే రిఫ్‌లకి, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరసలకి, కొత్త బిగువొస్తుంది, కాలనీలో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. గిటార్లు అప్పటికే మామూలు శృతి కంటే నాలుగు స్వరస్థానాలు కిందికి దించి ఉండేవి. అంత కింద కూడా బాణీ అంత తేటగా వినిపించడం చిన్న విషయం కాదు.

పాత ఆల్బమ్‌లని పవిత్ర గ్రంథాల్లా చూసే మా బావ లాంటి వాళ్లు ఒక సంగతి మర్చిపోతారు. హూరకిల్‌లో డెపెష్ మోడ్ పాట ఒకటి ఉంది, 'ఎవ్రీథింగ్ కౌంట్స్'. డెపెష్ మోడ్ అంటే సింథసైజర్ల పాప్ బ్యాండు. 1997లోనే, అంటే అమ్ముడుపోయారు అంటున్న సంవత్సరానికి ఐదేళ్ల ముందే, వీళ్ల చెవి పాప్ వైపు తిరిగి ఉంది. ఈ సంగతి ఎత్తితే బావ మాట మార్చి టీ పెట్టమంటాడు.

వరుసగా వినడానికి ఓపిక లేనివాళ్లు ఒకే పాట రెండు రికార్డింగులు పోల్చుకుంటే చాలు. 'బిహైండ్ స్పేస్' అనే పాట లూనార్ స్ట్రెయిన్‌లో స్టాన్నె గొంతుతో ఉంది, కాలనీలో ఫ్రీడెన్ గొంతుతో మళ్లీ రికార్డు చేశారు. మొదటిదాంట్లో గిటార్లు తొందరపడి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, డ్రమ్ములు దూరంగా గోదాములో మోగినట్టుంటాయి. రెండోదాంట్లో ప్రతి వాయిద్యానికీ చోటు దొరికింది, అంతా బిగుతుగా, నున్నగా ఉంది. అయినా బాణీ ఉన్నది మాత్రం రెండిట్లోనూ గిటార్లోనే. ఐదేళ్లలో గోడలకి సున్నం వేశారు, ఇల్లు మార్చలేదు.

ఇల్లు మారడానికి సామాన్లు సర్దడం మొదలైంది క్లేమాన్‌లో. అందులో 'ఓన్లీ ఫర్ ద వీక్' అనే పాట ఉంది, కచేరీల్లో దానికి వేల మంది ఒకేసారి ఎగురుతారు. ఎందుకెగురుతారు? వేగం తగ్గించి, కాలికి అందే నడకలో, కీబోర్డు కూడా కలిసిన సులువైన వరస ఇచ్చారు కాబట్టి. 'బుల్లెట్ రైడ్'లో ఫ్రీడెన్ అరవకుండా దాదాపు గుసగుసగా మొదలుపెడతాడు, గిటార్లు ఒక్క అడుగు వెనక్కి వేసి అతనికి దారిస్తాయి. గొంతుకి దారి ఇవ్వడం, నా చెవికి, ఆ బ్యాండులో అదే మొదలు. నన్నడిగితే ఇన్ ఫ్లేమ్స్ ఆల్బమ్‌ల్లో అన్నిటికంటే బాగా కుదిరింది క్లేమానే, రెండిళ్లలోనూ దీపం వెలుగుతున్న ఆల్బమ్ అదొక్కటే.

2002లో 'రీరూట్ టు రిమైన్'. నోర్డ్‌స్ట్రోమ్‌ని వదిలి డానియెల్ బెర్గ్‌స్ట్రాండ్ అనే కొత్త ప్రొడ్యూసర్ దగ్గరికి వెళ్లారు. ఇక్కడ చరణంలో అరుపు, పల్లవికి రాగానే పాట. ఒక గొంతు మీద ఇంకో గొంతు పరిచి పల్లవిని దట్టం చేశారు. ఎలక్ట్రానిక్ ధ్వనులు ముందుకొచ్చాయి. చాలామంది దీన్ని గొంతు మార్పుగానే విన్నారు. మీరు గిటార్ని వినండి. పల్లవి రాగానే గిటార్లు ఏం చేస్తున్నాయి? మునుపు జంట వరస అల్లిన చేతులే ఇప్పుడు నాలుగు మోటు తీగల దెబ్బలు వేస్తూ గొంతు కింద చాప పరుస్తున్నాయి. వేరే దారి కూడా లేదు. గొంతు ఒక బాణీ, గిటార్ ఇంకో బాణీ ఒకేసారి ఎత్తుకుంటే వినేవాడికి ఏది పట్టుకోవాలో తెలీదు, పెళ్లింట్లో సన్నాయి, మైకులో పాట ఒకేసారి మోగినట్టుంటుంది. ఎవరో ఒకరు తగ్గాలి. గిటార్ తగ్గింది.

గొంతు పైకొస్తే పాట కట్టుబడి కూడా మారుతుంది. గిటార్లో బాణీ ఉన్నప్పుడు ఒక వరస నుంచి ఇంకో వరసకి, అక్కడి నుంచి మూడోదానికి దొర్లుకుంటూ పోవచ్చు, తిరిగి మొదటికి రావాలని రూలు లేదు. గొంతు పాడుతున్నప్పుడు జనం పల్లవి కోసం చూస్తారు, మూడుసార్లు రావాలి, మూడోసారి ఇంకాస్త పెద్దగా రావాలి. పాటలు పొట్టివయ్యాయి, ఊహించదగ్గవి అయ్యాయి. 2004 'సౌండ్‌ట్రాక్ టు యువర్ ఎస్కేప్' ఇదే దారిలో ఇంకా ముందుకెళ్లింది, గిటార్లు యంత్రాల్లా మొద్దుబారాయి. అది నాకు ఎప్పుడూ ఎక్కలేదు, ఎన్నిసార్లు ప్రయత్నించినా సగంలో ఆపేస్తాను.

మరి ఎందుకు మార్చారు? డబ్బు అనేది సులువైన జవాబు, పూర్తిగా తప్పు అనను. కానీ ఇంకో కారణం వేదిక మీద ఉంది. పెద్ద మైదానంలో వేల మందికి జంట గిటార్ల సన్న తేడా అందదు, గాలికి కొట్టుకుపోతుంది. గ్రౌల్‌తో జనం గొంతు కలపలేరు. పల్లవి పాడితే కలుపుతారు. 2005లో అమెరికాలో ఆజ్‌ఫెస్ట్ లాంటి ఊరూరా తిరిగే పెద్ద కచేరీల్లో వాయించారు, అలాంటి చోట మధ్యాహ్నం ఎండలో నిన్నెరగని జనాన్ని పట్టుకోవాలంటే పల్లవే ఆయుధం.

అమెరికా కథలో ఇంకో మెలిక ఉంది. ఎట్ ద గేట్స్ 1995లో 'స్లాటర్ ఆఫ్ ద సోల్' చేసి మరుసటేడే విడిపోయారు. కానీ ఆ ఆల్బమ్, ఇన్ ఫ్లేమ్స్ పాత ఆల్బమ్‌లు అమెరికా కుర్రాళ్ల చేతిలో పడ్డాయి. కిల్‌స్విచ్ ఎంగేజ్ లాంటి బ్యాండ్లు ఆ గోథెన్‌బర్గ్ రిఫ్‌లని తీసుకుని వాటికి పెద్ద పెద్ద పాడే పల్లవులు తగిలించి మెటల్‌కోర్ అని అమ్మారు. 2006లో ఇన్ ఫ్లేమ్స్ కమ్ క్లారిటీ చేసినప్పుడు అది ఆ అమెరికా ధ్వనికి చాలా దగ్గరగా ఉంది. అప్పిచ్చినవాడే అప్పు తీసుకున్నవాడి దుకాణంలో సరుకు కొన్నట్టు. అయినా ఆ ఆల్బమ్‌ని తీసిపారేయలేను. అందులో గిటార్ వరసలు మళ్లీ కాస్త తలెత్తాయి, 'డెడ్ ఎండ్' అనే పాటలో లిసా మిస్కోవ్‌స్కీ అనే గాయని గొంతు కలిపింది, గొంతులోకి మారిన బాణీ సుఖంగా స్థిరపడింది. చెల్లి ఆ ఆల్బమ్‌తో మొదలుపెట్టడంలో ఆశ్చర్యం లేదు. దాన్ని అరుపుల బ్యాండు అనుకుని ఎవరూ వినరు.

నా మాట మీద నమ్మకం లేనివాళ్లకి నా పాత జబ్బే పరీక్ష. ఒక ఇయర్‌ఫోన్ తీసేసి వినండి. ప్రధాన గొంతుని రికార్డింగ్‌లో దాదాపు ఎప్పుడూ నట్టనడుమ పెడతారు, అంటే రెండు చెవుల్లోనూ సమానంగా వస్తుంది. జంట గిటార్ వరసల్ని మాత్రం చాలాసార్లు పంచుతారు, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. కాబట్టి ఒక చెవితో కమ్ క్లారిటీ పల్లవి వింటే బాణీ చెక్కుచెదరదు, ధ్వని మాత్రం కాస్త పలచనవుతుంది. అదే ఒక చెవితో జెస్టర్ రేస్ వింటే సగం కాపురం పోతుంది. ఏ ఆల్బమ్‌లో బాణీ ఎక్కడుందో తేల్చడానికి నాకు ఇంతకంటే చవకైన పనిముట్టు దొరకలేదు.

డార్క్ ట్రాంక్విలిటీని కూడా ఇదే కొలతతో కొలవొచ్చు, ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. వాళ్లు ఇన్ ఫ్లేమ్స్ కంటే ముందే, 1999లో 'ప్రొజెక్టర్' ఆల్బమ్‌లో స్టాన్నె చేత లోతైన మంద్ర గొంతుతో పాడించారు. అక్కడ కూడా అతను పాట ఎత్తుకోగానే గిటార్లు తలవంచాయి. కానీ వాళ్లు ఆ దారిలో ముందుకెళ్లలేదు. 2002లో, సరిగ్గా ఇన్ ఫ్లేమ్స్ ఇల్లు మారిన ఏడాదే, 'డ్యామేజ్ డన్'తో మళ్లీ పూర్తి గ్రౌల్‌కి వచ్చేశారు. బాణీ గిటార్‌కి తిరిగొచ్చిందా అంటే సగమే. మిగతా సగం మార్టిన్ బ్రాండ్‌స్ట్రోమ్ కీబోర్డులోకి వెళ్లింది. గొంతూ కాదు గిటారూ కాదు, మూడో ఇల్లు. ఆ తర్వాత గ్రౌల్, పాట రెండూ కలిపి వాడిన ఆల్బమ్‌లు చేశారు గానీ పెద్దగా ఎవరూ వాళ్లని అమ్ముడుపోయారు అనలేదు. గొంతు మారడమే నేరమైతే మొదటి ముద్దాయి స్టాన్నె కావాలి కదా. అభిమానులకి నొప్పి పుట్టించింది పాడటం కాదు, గిటార్ ఖాళీ అవ్వడం. వాళ్లకి దానికి పేరు తెలీక గొంతు మీద పెట్టారు.

2010లో స్ట్రోంబ్లాడ్ తాగుడు అలవాటుతో పోరాడుతూ బ్యాండు నుంచి తప్పుకున్నాడు. ఇల్లు కట్టినవాడే లేడు. 2011 'సౌండ్స్ ఆఫ్ ఎ ప్లేగ్రౌండ్ ఫేడింగ్'లో గిటార్లన్నీ గెలోట్ ఒక్కడే వాయించాడు, అనుకున్నదానికంటే బాగుంది. 2014లో బెర్లిన్‌లోని హన్సా స్టూడియోకి పోయి 'సైరెన్ చార్మ్స్' చేశారు, 2016లో లాస్ ఏంజిల్స్‌లో హోవర్డ్ బెన్సన్ అనే ప్రొడ్యూసర్ దగ్గర 'బ్యాటిల్స్' చేశారు. వాటి గురించి ఎక్కువ చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, పాడటానికి పల్లవులున్నాయి, కూనిరాగం తీయడానికి గిటార్ వరసలు లేవు. ఈలోగా స్వెన్సన్ వెళ్లిపోయాడు, బేస్ వాయించే పీటర్ ఇవెర్స్ వెళ్లిపోయాడు.

2000ల నుంచి ఈ తరహా రికార్డులన్నిటికీ ఉన్న ఇంకో రోగం గురించి కూడా చెప్పాలి. మెత్తగా ఉన్న చోట పెంచి, పెద్దగా ఉన్న చోట నొక్కి, మొత్తం పాటని ఒకే ఎత్తులో గోడలా నిలబెడతారు. సిరిమానోత్సవం రోజున డీజే బాక్సుల పక్కన నిలబడితే డోలు దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ వినిపించదు చూడండి, అలా. గోడ కట్టేశాక సందులుండవు. జంట గిటార్లకి సందే ప్రాణం అని పైన చెప్పాను. దీన్ని పరీక్షించుకోవడానికి కూడా సరుకుంది: 2020లో క్లేమాన్‌కి ఇరవయ్యేళ్లు నిండితే అందులోని కొన్ని పాటల్ని బ్యాండు మళ్లీ రికార్డు చేసింది. కొత్త ఓన్లీ ఫర్ ద వీక్ బలిసింది, బరువుగా ఉంది, జిమ్‌లో పెట్టుకోవడానికి బాగుంటుంది. పాతదాంట్లో గిటార్ అంచు మీద వేలు కోసుకుపోతుంది.

ఇప్పుడు ఆ పాత వియ్యం. ఇన్ ఫ్లేమ్స్ నుంచి వేర్వేరు కాలాల్లో బయటికొచ్చిన స్ట్రోంబ్లాడ్, ఇవెర్స్, స్వెన్సన్, నిక్లాస్ ఎంగెలిన్ కలిసి ద హేలో ఎఫెక్ట్ అని బ్యాండు పెట్టి, పాడటానికి ఎవరిని పిలిచారనుకున్నారు? మికాయెల్ స్టాన్నెని. లూనార్ స్ట్రెయిన్‌లో పాడినవాణ్ణే. 2022లో 'డేస్ ఆఫ్ ద లాస్ట్' వచ్చింది. మొదటి పాటలోనే గిటార్లు అల్లుకుంటాయి, స్టాన్నె ఎక్కువ భాగం కేకే వేస్తాడు. బావ ఆ రోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "మనోళ్లు తిరిగొచ్చేసినారురా" అన్నాడు, ఏదో పైడితల్లి అమ్మవారు కలలోకొచ్చినట్టు. ఆ మరుసటేడు, 2023లో, ఇన్ ఫ్లేమ్స్ 'ఫోర్‌గాన్' విడుదల చేసింది. నిర్మాత మళ్లీ హోవర్డ్ బెన్సనే, అయినా ఈసారి వేగం తిరిగొచ్చింది, 'స్టేట్ ఆఫ్ స్లో డికే' లాంటి పాటల్లో గిటార్లు మళ్లీ ముందు వరసలో కూర్చున్నాయి. వదిలెళ్లినవాళ్లని చూసి రోషం వచ్చిందని బావ అంటాడు. అది అతని సరదా, నేను ఒప్పుకోను, ఒక ఆల్బమ్‌కి పాటలు అంత తొందరగా మారవు.

మొన్న దసరాకి ముగ్గురం ఒకే బస్సులో శ్రీకాకుళం పోతుంటే నా పరీక్ష పెట్టాను. ఒకే జత ఇయర్‌ఫోన్స్, ఎడమది చెల్లికి, కుడిది బావకి. ముందు ఫోర్‌గాన్ పల్లవి. ఇద్దరూ ఒకే బాణీ కూనిరాగం తీశారు. తర్వాత జెస్టర్ రేస్‌లో జంట వరస వచ్చే చోటు. చెల్లి ఒకటి తీసింది, బావ దానికి పైది తీశాడు, ఎవరిది తప్పో తేల్చుకోవడానికి నా వైపు తిరిగారు. ముందు సీటు పెద్దాయన కూడా తిరిగి చూశాడు. ఇద్దరూ పాడేది కలిసిందని వాళ్లకి ఇంకా తెలీదు, ఇంకో రెండుసార్లు పాడించి అప్పుడు చెప్పాను.